పది నంబరు స్పానరు

"ఒరే పోతురాజు, పది నంబరు ఇలాగియ్యి" అని బండి కిందనుంచి చెయ్యి చాచాడు ఎర్రన్న.

పోతురాజు స్పానరు అందించాడు. ఏడాదిగా ఆదివారాలన్నీ ఇలాగే తెల్లారుతున్నాయి. వారమంతా ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసిన నడుం ఒక్క పూటైనా వాల్చుదామంటే, పెరట్లో ఈ తుప్పు పట్టిన పికప్ బండి. పోతురాజు అక్క అమ్మడు పదేళ్ళపాటు ఇందులోనే ఊళ్ళమీదికి చేపలు తీసుకెళ్ళేది. మొగుడు ఎర్రన్న డ్రైవరు, పక్క సీట్లో ఆమె. ఆమె పోయాక ఎర్రన్న కోటబొమ్మాళిలో తమ్ముడి పంచన చేరాడు. బండి ఇక్కడే ఉండిపోయింది. రెండేళ్ళు రాకపోకల్లేవు. బాగుచేద్దామన్న మాట పుట్టాకే ఈ ఇంట్లో మళ్ళీ అతని గొంతు వినబడింది.

"బ్రేకు పైపు మళ్ళీ కారతన్నాది" అన్నాడు ఎర్రన్న.

"పోయినారమే కదా బావా మార్సినావు?"

"ముసిలి బండిరా. వారానికో రోగం. రెండు బస్సులు మారి రాడం ఇంక నా వల్ల కాదు. ఇది లెగిస్తే నాకీ పీడ వదిలిపోతాది."

"నాకూ వదిలిపోతాది" అన్నాడు పోతురాజు నడుం పట్టుకుంటూ.

పైపు బిగించి ఎర్రన్న పైకి లేచేసరికి పోతురాజు భార్య అనూరాధ టీ తెచ్చింది.

"అన్నియ్యా, బండి లెగిస్తే ఏటి సేస్తావు?"

"మా తమ్ముడికి ఇచ్చేస్తానని మాటిచ్చేసేను. ఇంక ఇటేపు నాకేటి పనుంటాదమ్మా?"

అతను అరుగు మీద కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. పోతురాజు ఊసుపోక బానెట్‌లోకి తొంగి చూశాడు. బండిని స్టార్టు చేసే సెల్ఫు మోటారు దగ్గర ఒక తీగ వేలాడుతోంది. నట్టు పక్కనే రేకు మీద పడి ఉంది. తగిలించి, పది నంబరుతో బిగించాడు. పోయేదేముందని తాళం తిప్పాడు.

బండి దగ్గింది. నల్లటి పొగ కక్కి, లేచింది.

అనూరాధ చప్పట్లు కొట్టింది. ఎర్రన్న టీ గ్లాసుతోనే అరుగు మీంచి లేచి వచ్చాడు.

"నిన్నెవుడు ముట్టుకోమన్నాడ్రా?"

"తీగ ఊడిపోతే తగిలించేను బావా. ఏం, తప్పయిపోనాదా?"

"తప్పేటి... మంచి పనే సేసినావు" అని టీ పారబోశాడు.

వీధి చివరి దాకా ఒక చుట్టు తిప్పారు. పక్క సీట్లో ఎవరినీ కూర్చోనివ్వలేదు ఎర్రన్న. పోతురాజు వెనక తొట్టిలో నిలబడి వెళ్ళాడు. మధ్యాహ్నం చేపల పులుసు ఇద్దరికీ సరిగా దిగలేదు.

"లైట్లు నేవు. సీకటి పడితే కష్టం. వచ్చే ఆదోరం పొద్దున్నే వచ్చి తోలుకుపోతాను. అదే ఆకరు" అన్నాడు ఎర్రన్న సాయంత్రం. తర్వాత ప్రతి ఆదివారం లాగే, "సేతులు కడుక్కోవాల, సబ్బు తేరా" అన్నాడు.

పోతురాజు లోపలికెళ్ళి సబ్బు వెతికి తెచ్చేసరికి అతను బానెట్ మూస్తున్నాడు. చేతులు కడుక్కుని, ఆటో ఎక్కి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

పోతురాజు చాలాసేపు అరుగు మీదే కూర్చున్నాడు. పీడ వదిలిందని నడుం వాల్చాలి. వాల్చబుద్ధి కాలేదు. వచ్చే ఆదివారం తర్వాత బావ రాడు. అక్క గురించి మాట్లాడుకోవడానికి ఇంకెవరూ లేరు. ఆమె మళ్ళీ పోయినట్టే ఉంది అతనికి.

లేచాడు. బావని మోసం చెయ్యడం సిగ్గుగానే ఉంది. అయినా ఆ ఒక్క తీగ ఊడదీస్తే వచ్చేవారం బండి లేవదు. బాగుచెయ్యడానికి ఆ పైవారం కూడా రావాల్సిందే.

సామాన్ల డబ్బా అంతా వెతికాడు. పది నంబరు స్పానరు కనిపించలేదు. కటింగ్ ప్లేయరే పట్టుకుని, అనూరాధ చూడకుండా బానెట్ ఎత్తాడు.

తీగ అప్పటికే ఊడదీసి ఉంది.