తుడిచేసిన రాత్రి

సాక్ష్యం చెప్పేశాక బాధితుల భయాన్ని, జ్ఞాపకంతో సహా, కోర్టే తీసేస్తుంది. చెప్పేదాకా అది రుజువు, దాన్ని ముట్టుకోరు.

ఇంట్లో పడ్డ దొంగలు తోడికోడళ్లిద్దరి మెడ మీదా కత్తి పెట్టారు. చిన్నకోడలు మృదుల సాక్ష్యం చెప్పేసింది. ఆ రాత్రిని ఆమె తలలోంచి తుడిచేశారు. పెద్దకోడలు సువర్చల సాక్ష్యం మళ్లీ వాయిదా పడింది.

మృదుల వీధి తలుపు బార్లా తెరిచి, కూనిరాగం తీస్తూ కత్తిపీట మీద వంకాయలు తరుగుతోంది. సువర్చలకు ఒళ్లు మండింది. విసురుగా వెళ్లి మూడు గడియలూ వేసింది.

"పట్టపగలు గడియలెందుకక్కా? మనింటికెవడొస్తాడు?" అని నవ్వింది మృదుల.

గుర్తుచేస్తే ఆ భయమంతా తిరిగొస్తుందని, ఆమె దగ్గర ఆ ఊసెత్తొద్దని కోర్టువాళ్లు మరీమరీ చెప్పారు.

సువర్చల ఆమె పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

"ఆ కత్తిపీట పక్కన పెట్టు. ఎవడొచ్చాడో చెప్తాను," అంది.