చిలుక చెప్పిన పున్నమి

వేరుశనగ చేను గట్టున ఓ పందికొక్కు ఉండేది. తిని తిని లావెక్కి, తన కన్నంలో తానే పట్టక అవస్థ పడేది. పక్కనే రేగుచెట్టు మీద, జోస్యగాడి పంజరం నుంచి తప్పించుకొచ్చిన చిలుక కాపురం పెట్టింది.

"ఏం తిన్నావో రోజూ సాయంత్రం వచ్చి చెప్పు మామా. ఎప్పటికి సన్నబడతావో నేను చెబుతాను" అంది చిలుక.

నాలుగు గడ్డిదుంపలు తిన్నానంది పందికొక్కు.

"రోజూ ఇలాగే తింటే పున్నమికల్లా కన్నంలో సర్రున దూరిపోతావు."

ఆ మాటకి పందికొక్కుకి ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో ఇంటికెళ్తూ దారిలో గుప్పెడు వేరుశనక్కాయలు నమిలింది. రోజూ అదే జోస్యం, రోజూ అదే సంబరం.

పున్నమినాటి పొద్దున అడవిపిల్లి తరిమింది. పందికొక్కు ధీమాగా కన్నంలోకి దూకి, సగంలో ఇరుక్కుపోయింది. గింజుకుని గింజుకుని లోపల పడేసరికి తోక పిల్లి నోట్లో ఉండిపోయింది.

పిల్లి వెళ్లాక పందికొక్కు చిలుక మీద విరుచుకుపడింది. "నీ జోస్యం తప్పింది."

"నీ మూతికి ఆ వేరుశనగ పొట్టేమిటి మామా?"

"దారిలో నమిలినవిలే."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

పందికొక్కు మూతి తుడుచుకుంది. "చెబితే జోస్యం పాడైపోతుందని" అంది.

"జోస్యం పాడవలేదులే, తోకే పోయింది" అంది చిలుక.