మొదటి తెర

"నమస్కారం తల్లీ. నేను కొత్తగా వచ్చాను," అన్నాడు పెద్దాయన, తలుపు సగం తెరిచి.

ప్రోగ్రామర్ తలెత్తి చూసింది. నిన్నా వచ్చాడు. మొన్నా వచ్చాడు. రెండు వారాలుగా రోజూ వస్తున్నాడు, రోజూ ఇదే మాట.

"కొత్త పెళ్లికొడుకు దిగాడర్రా!" పక్కగదిలో ఎవరో అన్నారు. అంతా ఘొల్లుమన్నారు.

ఆమె గదిలో నవ్వడానికి ఎవరూ లేరు. నాలుగేళ్ల కిందట ఆరుగురు కలిసి మొదలుపెట్టిన పని అది. ఒక్కొక్కరే వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు అందరూ, "మధ్యమధ్యలో వస్తుంటాంలే," అన్నారు. ఐదు కుర్చీలూ గోడవారగా అలాగే ఉన్నాయి.

కంప్యూటరు భాష ఒక్క ముక్క తెలియనివాళ్లు కూడా కూర్చుని, తమంతట తాము ఒక చిన్న ప్రోగ్రాము రాసి నడిపించాలి. ఆమె చేస్తున్న సాఫ్ట్‌వేర్ అందుకోసమే. పరీక్షించడానికి ప్రకటన చూసి వచ్చినవాళ్లు పదిమంది. ఆ పదిమందీ దాటితే, బయటి నుంచి ముప్పైమందిని పిలిచి చివరి పరీక్ష పెడతారు. అందులో ఇరవైమందైనా దాటాలి. లేకపోతే ఆ గదికి తాళం వేస్తామన్నాడు మేనేజరు.

పెద్దాయన తెర ముందు కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఇది నన్నేమైనా అడుగుతోందా తల్లీ, నేనే దీన్ని అడగాలా?"

"నిన్న చెప్పాను కదా బాబాయిగారూ!"

"చెప్పే ఉంటావు," అన్నాడాయన ఒప్పుకోలుగా.

ఆమె విసుక్కుంటూనే తెర పైభాగాన 'ఇక్కడ రాయండి' అని పెట్టింది.

మర్నాడు ఆయన అక్కడ రాశాడు. రాసి చేతులు కట్టుకున్నాడు.

"రాశాను. అయిపోయిందని ఎవరికి చెప్పాలి?"

ఆమె పెద్ద అక్షరాలతో 'నడిపించు' అనే బటన్ పెట్టింది.

ఆ మర్నాడు బటన్ నొక్కాడు. తెర మీద ఎర్రగా తప్పు చూపించింది. నిప్పు తగిలినట్టు చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"ఏదైనా పాడుచేశానా తల్లీ? ఖరీదైందేమో!"

"ఏం పాడవలేదు లెండి." ఆ ఎరుపు తీసేసి, 'ఏమీ పాడవలేదు, మళ్లీ రాయండి' అని పెట్టింది.

మిగతా తొమ్మిదిమందీ వస్తూనే చకచకా ముగించి వెళ్లిపోతున్నారు. ఆయన మాత్రం ఒకటి దాటితే ఇంకొకచోట ఆగుతున్నాడు.

"ఒక్కాయన కోసం ఎన్నాళ్లమ్మా దేకుతాం?" అన్నాడు మేనేజరు. "కొందరి బుర్రలోకి ఎక్కదు, అంతే. మర్యాదగా పంపించెయ్."

ఆమెకు మనసొప్పలేదు. కానీ నాలుగేళ్ల పని.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదు బాబాయిగారూ."

పెద్దాయన ఆమె వైపు తిరిగాడు.

"నా వల్ల ఉపయోగం లేదా?"

ఆమె తెర వైపు చూపు తిప్పుకుంది.

"సరే తల్లీ. ఆ మాటేదో కాగితం మీద రాసివ్వు."

అలిగాడనుకుంది. రాసిచ్చింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, కుర్చీ సర్ది వెళ్లాడు. గేటు బయట ఎవరో ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించడం కిటికీలోంచి కనిపించింది.

వారం తిరక్కుండానే చివరి పరీక్ష పెట్టారు.

ముప్పైమంది కూర్చున్నారు. దాటింది పదకొండుమంది. మిగతావాళ్లంతా రాసినదాన్ని సేవ్ చేసి దాచుకునే చోట ఆగి, అటూ ఇటూ చూసి, ఏమీ అడక్కుండా ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

"ఆ తొమ్మిదిమందీ ఎలా దాటారు మరి?" అన్నాడు మేనేజరు.

అప్పుడు తట్టిందామెకు. వాళ్లు కొత్తవాళ్లు కారు. రోజూ వచ్చి అలవాటుపడిపోయినవాళ్లు. దారి బాగున్నందుకు కాదు, గుంతలెక్కడున్నాయో తెలుసు కనక దాటారు.

"ఇంకో నెల గడువు. అదే ఆఖరు," అన్నాడు మేనేజరు.

ఆమె రిజిస్టరులో పెద్దాయన చిరునామా వెతుక్కుని బయల్దేరింది. కాళ్లు పట్టుకునైనా తీసుకురావాలనుకుంది.

తలుపు తీసింది ఆరోజు రోడ్డు దాటించిన ఆవిడే. ఆయన భార్య.

లోపల ప్రతి వస్తువు మీదా కాగితం అంటించి ఉంది. 'గ్లాసులు'. 'మందులు'. 'స్నానాలగది ఇటు'. అద్దం పక్కన ఒక ఫొటో, దాని కింద 'నా భార్య'.

ఆమె ఒక్కొక్క కాగితమే చదువుకుంటూ వెళ్లింది.

"ఆయనకు ఏ రోజు జ్ఞాపకం ఆ రోజే పోతుందమ్మా," అంది ఆవిడ. "మొన్నటిదాకా చదవడమైనా మిగిలింది. నాలుగు రోజులుగా అక్షరాలు కూడా వెళ్లిపోయాయి. ఇక ఆ కాగితాలు తీసెయ్యాలి. నాకే చేతులు రావడం లేదు."

కిటికీ దగ్గర పెద్దాయన కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు. ఇటు తిరగలేదు.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు పిన్నిగారూ?"

"చెప్పొద్దన్నారు. తెలిస్తే జాలిపడి పక్కన కూర్చుని అన్నీ చేసిపెడతారట, అప్పుడు మీ పని చెడిపోతుందట."

"మా పని సంగతి ఆయనకెలా తెలుసు?"

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ముప్పైనాలుగేళ్లు ఆయన చేసింది ఈ ప్రోగ్రాములు రాసే పనేనమ్మా. జబ్బు పేరు చెప్పిన రోజు డాక్టరుగారి గదిలోంచి బయటికొచ్చి, 'ఎవరైనా ఒక్కసారే కొత్తవాళ్లుగా ఉంటారు, నేనైతే రోజూ ఉండగలను, అది కావలసినవాళ్లెక్కడున్నారో వెతుకు' అంటే, మీ ప్రకటన చూపించి నేనే తీసుకొచ్చాను."