ఆగకూడని పరుగు

పొగమంచు ఇంకా విడలేదు. రైల్వే వాళ్ళ ట్రాఫిక్ కాలనీ మైదానం చుట్టూ ఆమె పరుగెడుతోంది.

నీలం స్వెట్టరు, నల్ల ప్యాంటు, కళ్ళు తప్ప ఏదీ కనపడనివ్వని మంకీ టోపీ. చలికాలం వస్తే ఖరగ్‌పూర్‌లో గుడి పూజారి దగ్గర్నుంచి రిటైరైన డ్రైవర్ల దాకా అందరి తలలూ ఆ టోపీల్లోనే ఉంటాయి. మనిషిని స్వెట్టరు రంగుని బట్టి పోల్చుకోవాలి.

బూట్లు కాస్త వదులు. వేళ్ళ దగ్గర గుడ్డపేలిక కుక్కుకున్నా మడమ జారుతూనే ఉంది.

"ఏటే నీలవేణీ, బొగ్గింజను లాగ పొగ వదుల్తున్నావు!" క్వార్టరు గేటు దగ్గర స్టూలేసుకుని చా తాగుతున్న సరోజమ్మ కేకేసింది. "ఒక్క మాట మాటాడితే నీ సొమ్మేటి పోద్ది?"

ఆమె చెయ్యి ఊపి సాగిపోయింది. నీలవేణి మాట్లాడదని ఆ లైనులో అందరికీ తెలుసు. జబ్బు పట్టినప్పటినుంచీ అంతే. జవాబు రాకపోతే ఎవరూ ఏమీ అనుకోరు.

పరుగెత్తమని కలకత్తా డాక్టరే చెప్పాడు. మాత్రలు మానకుండా రోజూ పొద్దున్నే పరుగెత్తాలి, కాళ్ళు అలిసేలోగా భయం అలిసిపోతుంది అన్నాడు. మొదట్లో అలాగే జరిగింది. ఒకరోజు నీలవేణి చేపలమ్మితో పోట్లాడింది. ఇంట్లో మళ్ళీ ఆ గొంతు వినపడిందని ఆమె భర్త వెంకటరావు వంటింట్లో నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ గొంతు మళ్ళీ ఎప్పుడు పోయిందో అతను కనిపెట్టలేదు. జ్వరమైతే తెలిసేది. ఇది గోడకి చెమ్మ ఎక్కినట్టు ఎక్కుతుంది.

కానీ పరుగు ఆగకూడదు. ఆగితే పలాస.

వెంకటరావు గూడ్స్ గార్డు. ఇంట్లో ఉండేది తక్కువ. డ్యూటీ దిగి వచ్చేసరికి భార్య పడుకుని ఉంటే, పరుగెత్తి అలిసిందిలే అని తనూ పక్కగదిలో ఒళ్ళు వాలుస్తాడు. ఆమె కుదుటపడిందో లేదో సరోజమ్మకి ఫోను చేసి కనుక్కుంటాడు. పరుగెడుతోందంటే బాగున్నట్టు. మానేసిందంటే నీలవేణి అన్న జగ్గారావు వచ్చి ఆమెని పలాస తీసుకుపోతాడు. పెద్దవాళ్ళు అలా అనుకున్నారు. కిందటేడు ఒకసారి తీసుకుపోయాడు కూడా. జబ్బు కాదు, గాలి సోకిందన్నాడు. మాత్రలు నూతిలో పారేశాడు. వెనక గదిలో ఉంచి బయట గొళ్ళెం పెట్టాడు. తిరిగొచ్చినప్పుడు నీలవేణి చేతిలో దువ్వెన కూడా నిలవలేదు.

అందుకే ఈ పరుగు. ఊపిరి లోపల గుచ్చుతోంది. ఎంత దూరం పోయినా ఇంట్లోని ఆ మంచం వెనకాలే వస్తున్నట్టుంది. మైదానం గుండ్రం. ఎటు పరుగెత్తినా చివరికి అక్కడికే. కాళ్ళు అలిసిపోయాయి. భయం మాత్రం అలిసిపోవడం లేదు.

మలుపు తిరిగేసరికి సరోజమ్మ పక్కన ఇంకో మనిషి. భుజాన డ్యూటీ బ్యాగు. సాయంత్రం రావలసిన వెంకటరావు పొద్దున్నే దిగాడు.

ఆమె టోపీ ఇంకాస్త కిందికి లాక్కుంది. వేగం తగ్గించకుండా మైదానం అవతలి అంచుకి జరిగిపోయింది.

"నీలూ!" అతను పిలిచాడు. ఆ పిలుపులో ఎన్నాళ్ళనుంచో లేని సంతోషం ఉంది.

దూరంనుంచే చెయ్యెత్తి ఊపింది.

"పిలవకు నాయినా. మద్దిలో ఆపొద్దన్నాడు కదేటి డాక్టరు," అంది సరోజమ్మ. "రోజూ సూస్తన్నాను. మొన్న ముసురులో కూడా మానలేదు. నీ కూతురు అదృష్టం. హరిచందనకి మళ్ళీ అమ్మ దక్కింది."

"నువ్వు ఫోన్లో సెప్తే నమ్మలేదు పిన్నీ. ఇప్పుడు కంటితో సూసినాను." వెంకటరావు భుజాన బ్యాగు సర్దుకున్నాడు. "ఇంక పలాస మాట లేదు. జగ్గారావు బావకి ఇయ్యాలే సెప్పేస్తాను."

నిశ్శబ్దమైన మైదానంలో ఆ మాటలు స్పష్టంగా వినపడ్డాయి. చాలు, అనుకుంది. ఇంతే కావాలి.

"రేపు కలకత్తా ఎల్దామని సెలవు పెట్టినాను. అదీ క్యాన్సిల్. మాత్రలు కూడా ఆపేద్దాం. ఇలాగ పరిగెడతన్న మనిషికి ఇంకా మందులేటి?"

"మరే! ఎన్నాళ్ళని మింగుతాదవి?"

ఆమె వేగం తగ్గింది. ఆగి చెప్పెయ్యాలి. నీలవేణికి ఏమీ నయం కాలేదని, రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళే తీరాలని. ఆగితే పలాస. ఆగకపోతే డాక్టరు లేడు. నోరు తెరిచింది. తడిసిన ఉన్ని పెదాలకి చల్లగా తగిలింది. మళ్ళీ మూసుకుని పరుగెత్తింది.

"దాని రౌండ్లు అయ్యేలోగా నేనే చా పెడతాను," అని నవ్వుకుంటూ వెంకటరావు ఇంటివైపు నడిచాడు.

ఆమె మైదానానికి అడ్డంపడి పరుగెత్తింది. వెనక సందు. మురుక్కాలవ. బట్టల తీగలు. ఒక బూటు ఊడితే చేత్తో పట్టుకుంది. పెరటి తలుపు తోసుకుని లోపల పడింది. టోపీ, స్వెట్టరు, ప్యాంటు, బూట్లు విప్పి మంచం కిందికి నెట్టింది. అప్పుడే వీధి తలుపు చప్పుడైంది.

గోడవైపు తిరిగి పడుకున్న అమ్మ మీద దుప్పటి సర్ది, స్కూలు యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూ, హరిచందన వెళ్ళి నాన్నకి తలుపు తీసింది.