పక్క సీటు మేడం

“ఫోన్ ఇలా ఇవ్వు బాబూ,” అంది కరుణ మేడం, క్యాబ్‌లో డ్రైవర్ పక్క సీట్లో కూర్చుంటూ.

నాగరాజ్ ఇచ్చాడు. ఆమె దాన్ని సంచిలో వేసి జిప్ లాగింది.

తను నడిపే బండిలో తానే ఖైదీ అయిపోయాడు నాగరాజ్.

కొన్ని నెలల కిందట వర్తూరు మలుపులో ఫోన్ చూస్తూ ఒక స్కూటీని గుద్దాడు. రోడ్డు మీద దొర్లిన ఎర్ర హెల్మెట్ ఒక్కటే అతనికి గుర్తు. జనం మీదికి రాగానే అద్దాలు ఎత్తుకుని లోపలే ఉండిపోయాడు. ఎందుకో కేసు కాలేదు. యజమాని మునిరాజు పలుకుబడి అనుకున్నాడు.

ఆ మునిరాజే ఇప్పుడు శిక్ష వేశాడు.

“వారం దినాలు ఈ ట్రైనింగ్ మేడం నీ పక్కన కూర్చుంటాది. ఆమె పాస్ అంటేనే నీకు బండి. లేదంటే బీగాలు ఈడ పెట్టి పో.”

ఆ బండి తిరిగితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. అందుకే నోరు మూసుకుని నడుపుదామనుకున్నాడు. ఆ భాగ్యమూ లేదు. ముందు ఏం రావచ్చో పైకి చెబుతూ నడపడమే మేడం పాఠం.

“ఆగిన బస్సు. ఏం రావచ్చు?”

“ముందర నుంచి ఎవరన్నా దాటొచ్చు మేడం.”

“ఆ గేటు?”

“కుక్క. బాల్. పిల్లోడు.”

రెండో రోజుకే కిటుకు దొరికింది. దారి పొడవునా కుక్క, బాల్, పిల్లోడు అని అప్పజెప్పసాగాడు.

“ఇక్కడ గేటే లేదు బాబూ. వల్లిస్తున్నావు, చూడట్లేదు.”

“ఆ పొద్దు జరిగింది దిష్టి వల్ల మేడం. ఇప్పుడు ముందర నిమ్మకాయ కట్టినా కదా.”

“నిమ్మకాయ ముందే ఉంది. కళ్లు కూడా ముందే ఉండాలి.”

వర్తూరు మలుపు వచ్చినప్పుడల్లా ఆమె తలుపు పైనున్న పిడి గట్టిగా పట్టుకునేది. నేర్పే మనిషికే భయమని నాగరాజ్ లోలోపల నవ్వుకున్నాడు.

నాలుగో రోజు సర్జాపుర రోడ్డులో బండ్లన్నీ బిగుసుకుపోయాయి. ముందు టెంపో, వెనక నీళ్ల ట్యాంకర్, పక్కన మేడం. సంచిలో ఫోన్ మోగింది. ఆగి మళ్లీ మోగింది.

“ఇంటి నుంచేమో, ఇవ్వండి మేడం.”

“పక్కన ఆపి మాట్లాడు.”

“పక్కన జాగా ఏడుండాది? ఇది బండా, జైలా? దిగండి మేడం. మీ పాఠం నాకొద్దు.”

ఆమె ఫోన్ తీసి సీటు మీద పెట్టింది. ఎడమ కాలిని చేత్తో ఎత్తి బయట పెట్టుకుని దిగి, బండ్ల మధ్య నుంచి కుంటుకుంటూ వెళ్లిపోయింది. కీళ్లనొప్పులేమో అనుకున్నాడు నాగరాజ్.

ఫోన్ మళ్లీ మోగింది. క్రెడిట్ కార్డు కావాలా అని ఎవరో అమ్మాయి.

సాయంత్రం తాళాలు మునిరాజు బల్ల మీద పెట్టాడు.

“ఎత్తుకో,” అన్నాడు మునిరాజు. “మేడం ఫోన్ చేసింది. నువ్వు పాస్ అంట. ఫోన్ అంతగా మోగినా నీ కండ్లు రోడ్డు వదల్లేదంట.”

నాగరాజ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది.

“తప్పుగా మాట్లాడినానన్నా. రేపు కాళ్లు పట్టుకుంటా.”

“రేపు రాదప్పా. సొంతూరు ఒంగోలు బస్సెక్కేసింది. ఇంక వార్డులో నిలబడలేనని నర్సు పని మానేసింది.”

“నర్సా? ట్రైనింగ్ మేడం కాదా?”

“ఆ పాఠాలన్నీ ఆస్పత్రి మంచం మీద ఫోన్లో చూసి నేర్చుకుందంట. కేసు వద్దు, వారం దినాలు వాని పక్కన కూర్చోనీండి చాలని ఆమే వచ్చి అడిగింది.”

“నా పక్కనే ఎందుకన్నా?”

మునిరాజు అతన్ని వింతగా చూశాడు.

“ఇన్ని దినాలు పక్కనే ఉన్నా చూసుకోలేదా నువ్వు? ఆ ఎర్ర హెల్మెట్ ఆమెదేనప్పా.”