పొంగితే ఆగిపోయే పొయ్యి

"ఇత్తడి గిన్నె దీని మీద వేడెక్కదు," అంది శేషుకుమారి.

రామ్మోహన్ నమ్మలేదు. ఇండక్షన్ పొయ్యి మీద గిన్నె పెట్టి, మీట నొక్కి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. పొయ్యి కీచుకీచుమని అరిచి, ఏదో అక్షరం చూపించి, ఊరుకుంది.

"పాడైపోయిన సరుకు అంటగట్టాడు ఆ షాపువాడు!"

"పొయ్యి బాగానే ఉంది. గిన్నెదే లోపం. ఇటివ్వండి."

ఆమె ఫ్రిజ్ తలుపు మీంచి అయస్కాంతం తీసింది. మత్రా అనే అరబ్బు బజారులో ఎప్పుడో సరదాపడి కొన్న వంకర కత్తి బొమ్మ అది. ఇత్తడి గిన్నె అడుగున పెడితే జారి కింద పడింది. స్టీలు గిన్నెకి పెడితే ఠక్కున అతుక్కుంది.

"ఇది అంటుకున్న గిన్నెలే దీనికి పనికొస్తాయి. అడుగు చదునుగా ఉండాలి. కొనడానికి వెళ్ళినప్పుడు ఈ బొమ్మ జేబులో వేసుకెళ్ళండి, రామ్మోహన్ గారూ."

ఆ పిలుపుకి అతను తల తిప్పి చూశాడు. పెళ్ళయిన నాటి నుంచి 'ఏమండీ' తప్ప ఆమె నోట తన పేరు వినలేదు. ఆమె స్కూల్లో తొమ్మిదో తరగతికి సైన్సు చెప్పే మనిషి. పాఠం చెప్పేటప్పుడు ఎదురుగా ఉన్నవాడు ఎవరైనా విద్యార్థే కాబోలు.

రూవి పేటలో ఆ ఫ్లాటు చిన్నది. ఒక గది, ఒక వంటిల్లు. బిల్డింగులో గ్యాస్ సిలిండర్లు పెట్టనివ్వరు. ఏసీ ఇంకా బాగుచెయ్యలేదు. గదిలో రెండు సూట్‌కేసులు, విప్పని అట్టపెట్టెలు. శేషుకుమారి పొద్దుటి నుంచీ నిలబడే ఉంది. ఎడమ మణికట్టుకి పట్టీ. బరువులెత్తొద్దని డాక్టరు చెప్పి చాలాకాలమైంది కానీ పాత ఇంట్లో ఎవరూ వినిపించుకోలేదు. ఉన్నది ఇద్దరే మరి.

"ఇక వంట మీదే. నాకు ఓపిక లేదు."

"నేర్చుకుంటానన్నాగా."

"నేర్చుకోకపోతే ఏమవుతుందో తెలుసుగా?"

తెలుసు. కిందటేడు ఆమె మేనకోడలి పెళ్ళికని ఊరెళ్ళినప్పుడు, అతను హోటల్ కూరలు తిని, కడుపులో పుండు ముదిరి ఆసుపత్రిలో పడ్డాడు. మళ్ళీ అలా అయితే ఆపరేషన్ తప్పదన్నారు. కన్‌స్ట్రక్షన్ కంపెనీలో కోట్ల లెక్కలు చూసే ఈ మనిషికి గ్లాసుడు బియ్యానికి ఎన్ని నీళ్ళో తెలియదు. అతని చేత అన్నం, పెసరకట్టు చేయించందే ఇవాళ వదిలేది లేదని ఆమె పట్టుబట్టింది.

"ముందు పాలు పొంగించండి. కొత్త ఇల్లు కదా."

తూర్పువైపున్న పొయ్యి మీద స్టీలు గిన్నె పెట్టి, నిండా పాలు పోశాడు. అవి పొంగి గాజుపలక మీద పడ్డాయో లేదో, పొయ్యి మళ్ళీ అరిచి ఆగిపోయింది. అతను కంగారుగా గిన్నె ఎత్తి పక్కన పెట్టి, అరచేత్తో తుడవబోయాడు.

"ముట్టుకోకండి!" ఆమె చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది. "మంట లేదని చల్లగా ఉంటుందనుకున్నారా? గిన్నె వేడి గాజుకి ఎక్కుతుంది. ఆ ఎర్ర అక్షరం పోయేదాకా ఆగండి."

పట్టుకున్న చెయ్యి వెంటనే వదిలేసింది.

"పాలు పొంగుతుంటే పొయ్యి ఆరిపోయింది. అపశకునమేమో," అన్నాడతను.

"శకునమూ కాదు, ఏమీ కాదు. మీద తడి పడితే దానంతటదే ఆగిపోతుంది."

రామ్మోహన్ పొయ్యి వైపు చూశాడు. "పొంగగానే ఆగిపోవాలన్న తెలివి ఈ పెట్టెకుంది. నాకు లేకపోయింది, కుమారీ."

ఇన్నేళ్ళలో అతను తన కోపం తప్పని ఒప్పుకోవడం ఇదే మొదలు. ఎన్నిసార్లు ఎదురుచూసిందో ఆ మాట కోసం!

"చల్లారింది. తడిగుడ్డ పిండి తుడవండి," అంది.

అతను తుడిచి, గట్టు మీది ఇంటి తాళంచెవి తడవకుండా తీసి గాజుపలక మీదే పెట్టాడు. ఆమె దాన్ని తీసి అతని చొక్కా జేబులో వేసింది.

"ఇనుప వస్తువులు దీని మీద పెట్టకూడదు, కాలిపోతాయి. పైగా ఉన్నది ఒక్కటే."

"వాచ్‌మన్ హసన్ ఇంకోటి చేయిస్తానన్నాడు."

"ఇప్పుడెందుకులెండి. బియ్యం కడగండి. ఒక్క గ్లాసే, నీళ్ళు రెండు గ్లాసులు. ఆ గీసిన వలయాన్ని మించిన గిన్నె పెడితే అంచుల్లో ఉడకదు. మూత పెట్టండి. మరిగేదాకా ఎక్కువలో ఉంచి, తర్వాత తగ్గించెయ్యండి. గిన్నెని ఈడవకండి, ఎత్తి పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు జోలికి మాత్రం పోకండి, గోడ ప్లగ్గులోనే పెట్టాలి."

"ఊపిరి పీల్చుకోనీ!"

అన్నం కాస్త మెత్తబడింది. పెసరకట్టు మాత్రం కుదిరింది. కంచంలో వడ్డించుకుంటూ అతను హఠాత్తుగా ఆగాడు.

"నువ్వు పొద్దున ఏమైనా తిన్నావా?"

ఆ ప్రశ్న కొత్తది. ఆమె లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. అతను కంచం ఆమె చేతికే ఇచ్చాడు. నిలబడే రెండు ముద్దలు తింది.

"ఉప్పు పడాలి. ఫరవాలేదు, బతికేస్తారు."

ఇద్దరూ నవ్వారు. ఆమె కంచం అతని ముందు పెట్టి, చెయ్యి కడుక్కుని, హ్యాండ్‌బ్యాగు తగిలించుకుంది.

"టాక్సీ వచ్చేసింది. లోపలి ఫ్యాను చప్పుడు ఆగాకే ప్లగ్గు తియ్యండి."

"అలాగే. ఆ పట్టీ మార్చుకో, తడిసింది."

లిఫ్టు దాకా వచ్చాడు. తలుపులు మూసుకుంటుంటే ఆమె చెయ్యి అడ్డుపెట్టింది.

"వేళకి తినండి, రామ్మోహన్ గారూ."

వాళ్ళ విడాకులు మంజూరై అప్పటికి వారం.