ఉత్తరం మూల తాబేలు

పైడమ్మ తాబేలు డిప్పను వేలితో నొక్కింది. అది తడిసిన అప్పడంలా లోపలికి దిగింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఎండ లేక డిప్ప మెత్తబడిపోతంది, సూడు!" అని తాబేలును భర్త సూరిబాబు ముఖం ముందు పెట్టింది.

"మనమేటి సేస్తాం? ఇల్లు ఒప్పుకోదు కదా," అన్నాడతను టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

ఊళ్లో అన్ని ఫ్లాట్లలాగే ఆ ఫ్లాటుకీ వాస్తు తెలుసు. మంచం ఎక్కడుండాలో, ఇల్లాలు ఎటు తిరిగి వండాలో అదే నిర్ణయిస్తుంది. తాబేలు తొట్టె మాత్రం ఉత్తరం మూలనే ఉండాలి. ఆ మూలకు ఎండ రాదు. పైడమ్మ తొట్టెను బాల్కనీలోకి తోసినప్పుడల్లా అది చక్రాల మీద తనంతట తానే వెనక్కి దొర్లిపోయేది.

"తాబేలు ఉత్తరాన ఉంటేనే ఇంటికి శుభం," అంది గోడ తియ్యగా.

"నీ శుభం తగలెయ్య!"

ఆమె స్టీలు బేసిన్‌లో నీళ్లు పోసి, మధ్యలో ఇటుక పెట్టి, తాబేలుతో సహా బాల్కనీలోకి మోసుకుపోయింది. బేసిన్‌కి చక్రాలు లేవు.

"ఇంటికి అరిష్టం. తలుపు మూస్తున్నాను," అంది గోడ.

అద్దం తలుపు ఆమె వెనక బిగుసుకుంది. సూరిబాబు లోపల్నుంచి అద్దం బాదాడు. "తాబేలుని తెచ్చేత్తానని ఒప్పుకోవే, తలుపు తీత్తది!"

తాబేలు ఇటుకెక్కి ఎండలోకి మెడ చాచింది. పైడమ్మ దాని పక్కనే చతికిలబడింది.

"నానొప్పుకోను. నాకు ఎండ తగిలి ఎన్నాళ్లయిందో నీకు తెలుసేటి?"